సైలెన్సర్ తీసేసిన జీపు

సైలెన్సర్ పీకేస్తే బండికి రెట్టింపు బలం వస్తుందని లారీ డ్రైవర్లు చెప్పుకునే మాటలు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పటమటలో ఇరవయ్యేళ్ళుగా షెడ్డు నడుపుతున్నాను. ఇంజను జబ్బు చెవితోనే కనిపెడతాడని సొలొమోనుకి, అంటే నాకు, పేరుంది. అలాంటి నా దగ్గరికి డెబ్బై ఎనిమిది మే నెలలో పోలరాజు జీపు తెచ్చి, సరిగ్గా ఆ కోరికే కోరాడు.

అతనిది దివిసీమ. సముద్రం చేపలు ఐసులో పెట్టుకుని రోజూ బెజవాడ మార్కెట్టుకి తెస్తాడు. ఆ జీపు మొదట అతని అన్న నాగులుది. అంతకుముందు నవంబరు ఉప్పెన తర్వాత జీపు కాలవలో దొరికింది, నాగులు దొరకలేదు. ఆ ఇంజనులో ఉప్పుబురద కడిగి మళ్ళీ నడిపించింది నేనే.

"పొద్దున తొమ్మిది దాటితే ఐసు కరిగిపోతందండి. ఆ సైలెన్సర్ తీసేసి గొట్టం వదిలేయండి, బాగా లాగుద్ది," అన్నాడు పోలరాజు.

"స్పీడు మీద ఉన్నప్పుడు కాస్త లాగుద్ది, పొగకి అడ్డం ఉండదు కాబట్టి. బరువుతో వంతెన ఎక్కేటప్పుడు మాత్రం చతికిలబడుద్ది. పైగా గాలి ఎక్కువై పెట్రోలు చాలదు. కార్బురేటర్లో పెట్రోలు వదిలే జెట్టు పెద్దది వెయ్యకపోతే వాల్వులు కాలిపోతాయి. నీకు దక్కేదల్లా మోత," అన్నాను.

అయినా అతను పట్టు వదల్లేదు.

షెడ్డు బయట రేకు నీడలో నాగులు భార్య పేరమ్మ సరుకుల సంచి పక్కన పెట్టుకుని కూర్చుంది. ఆరు నెలలు ఎదురుచూసి, ఇక రాడని పెద్దలు తేల్చి, మర్నాడు నాగులుకి పెద్దకర్మ జరపాలని పెట్టుకున్నారట. ఆ సరుకుల కోసమే మరిదితో వచ్చింది. నుదుట పెద్ద బొట్టు, చేతుల నిండా గాజులు. మర్నాటితో అవన్నీ తీసేస్తారు. ఇన్నాళ్ళూ మొండికేసిన మనిషి మొన్ననే సరేనందని పోలరాజు నా చెవిలో చెప్పాడు. ఆమె వైపు చూడ్డానికి నాకు మనసు రాలేదు.

సైలెన్సర్ విప్పి, మూరెడు గొట్టం మాత్రం వదిలి స్టార్టు చేశాను. షెడ్డు రేకులు అదిరాయి. చెవులు సర్దుకున్నాక విన్నాను. మోత సమానంగా లేదు. రెండు పొట్టి మోతలు, ఒక పొడుగు. కాసేపాగి మళ్ళీ రెండు పొట్టి, ఒక పొడుగు.

పోలరాజు మొహం పాలిపోయింది. ఆ వరస నాకూ తెలుసు. ఇంటి ముందు బండి ఆపేటప్పుడు, వచ్చానని పెళ్ళానికి తెలియాలని నాగులు యాక్సిలేటరు అలాగే తొక్కేవాడు. నా షెడ్డు ముందూ అదే అలవాటు. పెట్రోలు తగలేస్తున్నావురా అని ఎన్నిసార్లు తిట్టానో.

"పెట్రోలు చాలకపోతే ఇంజను ఇట్టాగే లేస్తా పడతా ఉంటుంది. నువ్వు కంగారుపడబాకు," అని కసిరాను.

ఇంజను ఆపి, పెద్ద జెట్టు వేసి మళ్ళీ స్టార్టు చేశాను. వరస పోలేదు, ఇంకా తేటగా వినిపించింది. యాక్సిలేటరు కడ్డీ ఊడదీశాను. అయినా పోలేదు. ఫ్యాను వైపు చూశాను. అది ఒకే వేగంతో తిరుగుతోంది. ఇంజను వేగం మారడం లేదు, గొట్టంలో మోత ఒక్కటే మారుతోంది. భయపడ్డానని చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

పోలరాజు నా చెయ్యి పట్టుకున్నాడు.

"వదిన ఆ వరస పోల్చుకోకముందే ఆపెయ్యండి. ఆరు నెల్లుగా ఆయనొచ్చాడు, ఆయనొచ్చాడంటా గుమ్మంలోకి పరిగెడతంది. అది పిచ్చని ఊరంతా నచ్చజెప్పి ఇప్పటికి ఒప్పించాం. ఇది తెలిస్తే రేపు ఏదీ జరగదు."

కీ తిప్పేశాను. ఫ్యాను ఆగింది. ఆగిన ఇంజను గొట్టంలోంచి మరోసారి రెండు పొట్టి, ఒక పొడుగు వినిపించాయి. ఆ తర్వాత ఏమీ లేదు.

వెనక్కి తిరిగితే పేరమ్మ నిలబడి ఉంది. ఏడవడం లేదు. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"మీకూ వినపడిందా అండీ?" అని నన్ను అడిగింది.

పోలరాజు కళ్ళతోనే బతిమాలాడు. అబద్ధం చెబుదామనే నోరు తెరిచాను. నా వల్ల కాలేదు.

"వినపడిందమ్మా," అన్నాను.

"సైలెన్సర్ ఉన్నప్పుడూ నాకు ఇట్టాగే వినపడేదండి, రోజూ. నా ఒక్కదానికే అనుకున్నా. నాకు మతిపోయిందనుకునే రేపటికి ఒప్పుకున్నా." ఆమె మరిది వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పు పోలరాజూ. రేపు పిండం ఎవరికి పెడతావు?"