గురువారం రాత్రి మూడు గంటలకు

కిషన్‌లాల్‌కు ఇంగ్లీషు వచ్చని అతని కన్నా ముందు కాలనీ నమ్మింది. తల్లాడ దగ్గరి తండా నుంచి వచ్చి, ఇల్లెందు అవతల ఒక బొగ్గుబాయి టైం ఆఫీసులో షిఫ్టుల హాజరు రాసే గుమాస్తాగా చేరాడు. చేరిన కొన్నాళ్లకే దవాఖానా చీటీ చదవాలన్నా, కోర్టు కాగితం చదవాలన్నా జనం అతని గడప ముందే చెప్పులు విడవడం మొదలుపెట్టారు. నిజం చెప్పాలంటే ఆ గౌరవం అతనికి కాస్త తలకెక్కింది. ఎక్కదా మరి!

అతను కిరాయికి ఉండేది సారయ్య ఇంట్లో. సారయ్య అదే బాయిలో రాత్రిపూట దిగి పొద్దున పైకి వచ్చే మనిషి. ఎనభై మూడు వేసవిలో సారయ్య కూతురు బతుకమ్మకు ఉన్నట్టుండి పెళ్లి కుదిరింది.

"తమ్మీ, మా బామ్మర్దికి టెలిగ్రాం కొట్టాలె. జల్దీ రాసియ్యి" అన్నాడు సారయ్య.

ఆ బామ్మర్ది పేరు జంపయ్య. సారయ్య భార్య ఉప్పలమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. ఒకప్పుడు ఇదే బాయిలో నైట్ షిఫ్టులు చేసి, తర్వాత ఝాన్సీలో మిలిటరీ క్యాంపులో వంటమనిషిగా కుదిరాడు. పెళ్లికూతురిని చెయ్యి పట్టుకుని పందిట్లోకి తీసుకురావాల్సింది మేనమామ. బతుకమ్మకు మరో మేనమామ లేడు. పైగా ఆ పిల్ల నడక నేర్చింది ఆయన వేలు పట్టుకునే. శుభలేఖ పోస్టులో పోయేంత వ్యవధి లేదు. టెలిగ్రాం చూపిస్తే తప్ప అక్కడి ఆఫీసరు లీవు ఇవ్వడు.

పంతులు రాసిచ్చిన చీటీలో ముహూర్తం ఇలా ఉంది: బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం, మూడు గంటలకు.

కిషన్‌లాల్ పెన్ను మూత తీసి, అక్కడే ఇరుక్కుపోయాడు. ఈ 'తెల్లవారితే'ను ఇంగ్లీషులోకి ఎలా దించడం? 'డాన్' అందామంటే తూర్పున కాస్తయినా వెలుగు రావాలి, మూడింటికి కాకి కూడా లేవదు. 'మిడ్‌నైట్' అందామంటే అది పన్నెండుతోనే సరి. 'మార్నింగ్' అంటే ఆఫీసరు టిఫిన్ తిన్నాక అనుకుంటాడు. 'ఎర్లీ మార్నింగ్' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది కానీ, అది పాలు పితికే వేళ కదా, పుస్తెలు కట్టే వేళ ఎలా అవుతుందని కొట్టేశాడు. చీకటిగా ఉంటే రాత్రే అనుకుని, చెయ్యి ఆఫీసులో రోజూ ఎలా తిరుగుతుందో అలాగే తిప్పేశాడు. 'మ్యారేజ్ థర్స్‌డే నైట్ త్రీ ఓక్లాక్. కమ్ వితౌట్ ఫెయిల్.'

చదివి వినిపిస్తే ఉప్పలమ్మ మురిసిపోయింది. ఆ పూట కిషన్‌లాల్‌కు కోడికూర దక్కింది.

సోమవారం ఆఫీసులో హెడ్ క్లర్కు దూలయ్య దగ్గర ఆ టెలిగ్రాం ముచ్చట గొప్పగా చెప్పుకున్నాడు. దూలయ్య కళ్లద్దాలు పైకి తోసి, "పెండ్లి బుధవారం రాత్రి గదా, థర్స్‌డే నైట్ అని కొట్టినవేందిరా?" అన్నాడు.

"పన్నెండు దాటితే గురువారమే గద సార్. మన నైట్ షిఫ్టు గట్లనే రాస్తం గద!"

"అది మన బాయి లెక్క. బుధవారం రాత్రి దిగినోళ్లను గురువారం నైట్ అని మనం రాసుకుంటం. బయటోళ్లకు గురువారం రాత్రంటే గురువారం పొద్దుగూకినంక వచ్చే రాత్రి. మిలిటరీ ఆఫీసరు నీ రిజిస్టరు చూసిండా? ఎర్లీ మార్నింగ్ అని రాస్తే నీ సొమ్మేం పోయేది?"

కిషన్‌లాల్ రోజులు వేళ్ల మీద లెక్కేశాడు. జంపయ్య గురువారం సాయంత్రం దిగుతాడు. అప్పటికి పందిరి విప్పేస్తుంటారు.

పరుగున పోస్టాఫీసుకు వెళ్లి రెండో టెలిగ్రాం కొట్టాడు. ఈసారి 'థర్స్‌డే ఎర్లీ మార్నింగ్' అని రాసి, చాలదన్నట్టు 'వెడ్నస్‌డే ఈవెనింగ్ మస్ట్ రీచ్' అని కలిపాడు. కౌంటరులో ఉన్నాయన చదివి, "ఝాన్సీ నుంచి రావాలంటే ఆ మనిషి ఈపాటికి రైలెక్కి ఉండాలె. లేదంటే ఇది అందినా చేరలేడు" అన్నాడు. ఎటు చూసినా ఆ టెలిగ్రాంతో పనిలేదు.

దాచిపెడదామా అనుకున్నాడు ఒక్క క్షణం. కానీ కోడికూర గుర్తొచ్చింది. ఇంటికి వెళ్లేసరికి ఉప్పలమ్మ రోట్లో పసుపు దంచుతోంది. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆమె తిట్టలేదు. రోకలి ఆపలేదు కూడా. దంచుతూనే, "నా బిడ్డ చెయ్యి ఎవలు వట్టుకోవాలె, కిషనూ?" అంది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. ఆ తర్వాత రెండు పూటలు ఆ ఇంట్లో ముద్ద మింగలేకపోయాడు.

బుధవారం సెలవు పెట్టి బస్టాండులో నిలబడ్డాడు. రైలు దిగే డోర్నకల్ వైపు నుంచి వచ్చే ప్రతి బస్సునూ చూశాడు. మేకలు దిగాయి, మిరపకాయ బస్తాలు దిగాయి, పెళ్లికి సారయ్య చుట్టాలు దిగారు. మిలిటరీ మనిషి మాత్రం దిగలేదు. ఇంటి దగ్గర సన్నాయి మొదలైంది. దాన్ని వింటూ అక్కడ నిలబడడం కన్నా బాయిలో దిగడం మేలనిపించింది.

పొద్దు వాలుతుండగా వచ్చిన బస్సులోంచి ఇనుప పెట్టె ఒకటి ముందు దిగింది. వెనకాల నల్లటి పొడుగాటి మనిషి. ఎవరినీ దారి అడగకుండా పెట్టె నెత్తిన పెట్టుకుని తిన్నగా క్వార్టర్ల వైపు నడిచాడు. కిషన్‌లాల్ వెంటపడ్డాడు.

"అన్నా! నువ్వు జంపయ్యవా?"

"అవ్. నువ్వెవలు?"

"టెలిగ్రాం రాసింది నేనే. రెండోది అందిందా?"

"రెండోదేంది? ఒక్కటే వచ్చింది. గురువారం నైట్ మూడింటికని. ఇయ్యాల రాత్రే గద?"

జంపయ్య నడుస్తూనే చెప్పుకొచ్చాడు.

"మా సాబే జర పరేషాన్ చేసిండు. గురువారం పొద్దుగాల చేరేటట్టు లీవు రాస్తనన్నడు. సాబ్, మా బాయి మీద గురువారం నైటంటే బుధవారం రాత్రే దిగుతరు, ఒక రోజు ముందుగాల ఇయ్యిండ్రి అన్న. మీ ఊళ్లె రోజులు ఎనక్కు నడుస్తయా అని నవ్విండు, సంతకం వెట్టిండు."

కిషన్‌లాల్ రోడ్డు మీదే ఏడ్చేశాడు. సిగ్గుపడలేదు. తప్పు రాసినవాడూ బాయి మనిషే, దాన్ని ఒప్పుగా చదువుకున్నవాడూ బాయి మనిషే. ఆ పెట్టె లాక్కుని తన నెత్తిన పెట్టుకున్నాడు.

పందిరి ముందు తమ్ముణ్ని చూసి ఉప్పలమ్మ పరుగెత్తుకొచ్చింది. ముందు తమ్ముణ్ని పట్టుకుంది, తర్వాత పెట్టె కింద నలిగిపోతున్న కిషన్‌లాల్‌ను పట్టుకుంది.

"రెండోది సక్కగ రాసిన వదినా, ఎర్లీ మార్నింగ్ అని. అది అందనే లేదు" అన్నాడు అతను కళ్లు తుడుచుకుంటూ.

"ఆ ఇంగిలీసు నాకేమెరుక, కిషనూ. మీ అన్న రాత్రి బాయి దిగితే ఆ రాత్రికి నేను పేరే వెట్ట. పొద్దుగాల పైకొచ్చి ఈ గడపల నిలవడ్డంక, ఆ పొద్దు పేరే ఆ రాత్రికి వెడత. అందరం గంతే. నువ్వు రాసిందాంట్ల తప్పేమున్నది?" అంది ఉప్పలమ్మ.

పెళ్లి ముగిశాక, కంటి మీద కునుకు లేకుండానే కిషన్‌లాల్ ఏడింటికల్లా డ్యూటీకి వెళ్లాడు. ఆ తర్వాత కాలనీ వాళ్లకు ఎన్ని ఉత్తరాలు రాసినా అలాంటి వేళకు 'ఎర్లీ మార్నింగ్' అనే రాసి, పక్కన తేదీ కూడా వేసేవాడు. పెళ్లయిన ఆ పొద్దున రిజిస్టరులో మాత్రం 'గురువారం నైట్' అనే రాశాడు. రాత్రి బాయిలో దిగిన వాళ్లంతా ఒక్కొక్కరే పైకి వచ్చి ముఖాలు చూపించాకే రాశాడు.