రెండో నంబరు తాడు

ఊనా మెకెలర్‌కీ హెక్టర్ డల్‌గ్లీష్‌కీ పన్నెండేళ్లుగా మాటల్లేవు. ఇద్దరిదీ ఒకటే వీధి, ఒకటే పని. ఎడిన్‌బరో కోట ముందు జనాన్ని పోగేసుకుని, రాయల్ మైల్ అనే ఆ వీధి వెంట దిగుతూ, సందుకో కథ చెప్పి ఊరు చూపించడం. ఎదురుపడితే మాత్రం ఎడమొహం పెడమొహం.

ఆ వీధి గైడ్లకు ఒక మర్యాద ఉంది. ఒకరు సందు మొగలో కథ చెబుతుంటే, వెనకొచ్చినవాళ్లు గోడవారగా ఆగి, అది ముగిశాకే ముందుకు రావాలి. ఊనా అందరికీ ఆగేది. హెక్టర్‌కు మాత్రం సగం దాకానే ఆగేది. అతను కథ మధ్యలో ఆ దిక్కుమాలిన అరుపు అరవగానే, తన జనాన్ని తోలుకుని చరచరా దాటిపోయేది.

కోపం రాదా మరి? ఆ కథ ఆమెది. నీళ్లు మోసే ఎఫీ కథ. ఊరికి విషజ్వరం వచ్చి, అక్కడి ఒక సందులోకి అడుగుపెట్టేందుకు అందరూ జంకిన రోజుల్లో, ఎఫీ ఒక్కతే వీపున పీపా కట్టుకుని మెట్లెక్కేది. ఒక రోజు ఎక్కింది, దిగలేదు. జనం పై మెట్టు మీద పీపా చూశారు. నిండుగా ఉందది. అంతే కథ. ఆ మెట్ల ఇంట్లోనే పుట్టిన నాయనమ్మ దాన్ని ఊనాకు చెప్పింది. కలిసి పనిచేసిన రోజుల్లో ఊనా దాన్ని హెక్టర్‌కు చెప్పింది. నెల తిరక్కుండా వాడు దానికి నెత్తురు పూసి, ఒక కేక తగిలించి, తన జనానికి అమ్ముకున్నాడు.

ఇప్పుడు హెక్టర్ పోయాడు. శుక్రవారం పొద్దున అతని కూతురు సెంగా, ఊనా వంటింట్లో కూర్చుని ఒక చిన్న కార్డు ముందుకు జరిపింది.

"రేపు పదకొండింటికి, ఊనా ఆంటీ. నీకు రెండో నంబరు రాయించాడు నాన్న."

అక్కడ శవపేటికను గోతిలోకి దింపేది కూలివాళ్లు కాదు, అయినవాళ్లే. ఎనిమిది తాళ్లు, ఎనిమిది పేర్లు. తలవైపు మొదటి తాడు, కాళ్లవైపు రెండోది. తాడు పట్టడమంటే నలుగురి ముందూ ఈ మనిషి నావాడని ఒప్పుకోవడమే. నాయనమ్మ కాలంలో ఆడవాళ్లను గోతి దాకా రానిచ్చేవాళ్లే కాదు. మొగుణ్ణి పూడ్చిపెడుతుంటే ఆవిడ ఇంట్లో శాండ్‌విచ్‌లు కోసింది.

ఊనా కార్డు ముట్టుకోలేదు. "మీ నాన్నకి పోయేముందు మతి చెడిందేమో."

"మతి బాగానే ఉంది. మొదటిది నాకు, రెండోది నీకు అన్నాడు. ఎందుకని అడిగితే నవ్వాడు."

"నవ్వుతాడు, వాడికేం. బతికుండగా నా కథ మోసుకుపోయాడు. పోయాక వాణ్ణి నేను మొయ్యాలా?"

"నువ్వు రాకపోతే అంత్యక్రియల వాళ్ల మనిషెవరో పట్టుకుంటాడు. వీధి వీధంతా చూస్తుంది."

"చూడనీ. చచ్చినవాడి కళ్లు చారెడంటారు అందరూ. నేననను."

సెంగా లేచింది. కార్డు టీ కప్పు పక్కనే వదిలేసి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం సముద్రం మీంచి మంచు కమ్ముకొచ్చింది. ఊనా తన జనంతో ఎఫీ సందుకు చేరింది. గోడవారగా ఆగాల్సిన పనేలేదు. ముందు ఎవరూ లేరు. అది ఆమెకు హాయిగా ఉండాల్సింది, లేదు. కథ చెప్పింది. పీపా నిండుగా ఉందని చెప్పి ఊరుకుంది.

డండీ ఊరి నుంచి ఒంటరిగా వచ్చిన ముసలాయన ఒకడు తల గోక్కున్నాడు. "మరి అరుపేదమ్మా?"

"ఎఫీ అరవలేదు."

"ఆయనా అదే అన్నాడు సుమా."

"ఎవరాయన?"

"పేరు గుర్తులేదు. ఎర్ర మీసాలు, పొడుగు కోటు. పోయిన వేసవిలో మా ఆవిడా నేనూ ఆయన వెంట తిరిగాం. ఇక్కడే గుండెలదిరేలా ఒక్క కేక పెట్టాడు. మా ఆవిడ నా చెయ్యి గీరేసింది. అందరం నవ్వాక టోపీ తీసి, 'అరుపు నాది. ఎఫీ మాత్రం ఊనా మెకెలర్‌ది. ఎఫీ అరవలేదు. అసలు కథ కావాలంటే ఆవిణ్ణి పేరుపెట్టి అడగండి' అన్నాడు. వెళదామంది మా ఆవిడ. కాళ్లు నొప్పులని నేనే వద్దన్నా. ఇప్పుడు ఆవిడ లేదు. అందుకే వచ్చా."

ఊనా అతని దగ్గరికి వచ్చింది. "రోజూ అనేవాడా అలా?"

"నాకెలా తెలుస్తుంది? కంఠతా వచ్చినట్టే అన్నాడు మరి."

పేరుపెట్టి అడిగేవాళ్లు ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నారు. తన పేరు తనంతట తానే ఊళ్లు పాకిందని ఊనా మురిసిపోయింది. అరుపు తర్వాత ఇంకో నాలుగు ముక్కలున్నాయని ఆమెకెలా తెలుస్తుంది? ఒక్కనాడైనా నిలబడి వింటేగా. సిగ్గుతో ఆమె మొహం కాలిపోయింది.

మర్నాడు శ్మశానంలో గాలి కోస్తోంది. నల్లకోటు మనిషి పేర్లు పిలిచాడు. "ఒకటి, సెంగా డల్‌గ్లీష్. రెండు, ఊనా మెకెలర్." వీధి గైడ్లందరూ వెనక్కి తిరిగి చూశారు. ఊనా తలొంచుకుని వచ్చి, కాళ్లవైపు నిలబడి, తాడు అందుకుంది.

బరువు చేతుల్లోకి వచ్చింది. కొంచెం కొంచెంగా తాడు వదులుతుంటే అరచేతులు మండాయి. పేటిక అడుగుకు తగిలాక మిగతావాళ్లు తాళ్లు గోతిలోకి జారవిడిచారు. ఊనా మాత్రం పట్టుకునే ఉంది.

"అయిపోయిందమ్మా, ఇక వదిలేయండి," అన్నాడు నల్లకోటు మనిషి మెల్లగా.

"ఉండు బాబూ," అంది ఊనా. "నాకు ముందే వెళ్లిపోయే అలవాటుంది. ఇవాళొక్కరోజు ఉండనీ."

అందరూ ఆగారు.

సోమవారం ఎఫీ సందులో ఆమె కథ చెప్పింది. పై మెట్టు దాకా వచ్చి, ఊపిరి బిగబట్టి, అరిచింది. పావురాలు లేచిపోయాయి. జనం ఉలిక్కిపడి, తర్వాత నవ్వారు. ఊనా టోపీ తీసింది.

"ఎఫీ నాది. ఎఫీ అరవలేదు," అంది. "అరుపు హెక్టర్ డల్‌గ్లీష్‌ది."

ఆ మాట వినాల్సిన మనిషి ఒక్కడే. తన కథ ముగిసేదాకా గోడవారగా అతను ఆగే చోటు వైపు ఊనా ఒకసారి చూసి, టోపీ పెట్టుకుని, తన జనాన్ని కిందికి నడిపించింది.