చావడంలో చెయ్యి తిరిగినవాడు

నిచ్చెన మీద నిలబడి మింకో కంచు వీరుడి మీసాలు తోముతున్నాడు. పావురాలు ఏడాది పొడుగునా చేసిన సత్కారం, ఒక పట్టాన వదలడం లేదు. ఆయాసం వచ్చినప్పుడల్లా వీరుడి మెడ పట్టుకుని ఊపిరి తీసుకుంటున్నాడు. పొద్దున్నుంచీ ఎడమ భుజం లాగుతోంది. మునిసిపాలిటీ చీపురు పట్టినవాడికి నొప్పి లేకపోతేనే వింత గనక పట్టించుకోలేదు.

ఆ కంచు మనిషి ద్రాగోయ్ వోయివోడా, అంటే ముఠా నాయకుడు. సుల్తాను మీద తిరగబడి, ముఠా కట్టి, బాల్కన్ కొండల్లో పోరాడినవాడు. ముఠా అంతా కొండ మీద ఒరిగాక, గాయంతో మంచులో మా ఊరికి దిగి ఇంటింటి తలుపూ తట్టాడు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. సిపాయిలు అతన్ని ఉరి తీశారు. సుల్తాను పాలన కూడా పోయాక, ఆ తలుపుల వెనక నక్కినవాళ్ళ మనవలందరూ ‘మా తాత రొట్టె పెట్టాడు’ అనడం మొదలుపెట్టారు. అంతమంది పెట్టి ఉంటే ద్రాగోయ్ అజీర్తితోనే పోయేవాడు. అతన్ని సిపాయిలకు పట్టిచ్చిన పాపం ఎవరికో ఒకరికి అంటగట్టాలి గనక, వెనకేసుకొచ్చేవాళ్ళు లేని మింకో ముత్తాత నెత్తిన రుద్దారు. సాక్ష్యమేమిటంటే, ఊరంతా అనుకోవడమే.

అందుకే ఏటా జూన్‌లో ఆ పోరు నాటకంగా ఆడేటప్పుడు మింకోకి సుల్తాను సిపాయి వేషమే ఇచ్చేవారు. తుపాకీ పేలగానే పొట్ట పట్టుకుని, గిర్రున ఒక చుట్టు తిరిగి, గడ్డిలో బోర్లా పడేవాడు. చివర్లో అమరుల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు. పేరు పేరుకీ జనం ‘స్వేచ్ఛ కోసం ఒరిగాడు!’ అని బదులిస్తారు. అది ముగిసేదాకా శవాలు కదలకూడదు. ఈ ఏడు మాత్రం ద్రాగోయ్ ముఠాలో నిలబెడతానని, నాటకం నడిపే హెడ్మాస్టరు హరలాంపి మాటిచ్చాడు. ముత్తాత మచ్చ కాస్తయినా చెరుగుతుందని మింకో ఆశపడ్డాడు.

మధ్యాహ్నం హరలాంపి, నాటకం వేషానికి అతికించిన మీసంతో వచ్చి, సిపాయి ఎర్ర టోపీ అతని చేతిలో పెట్టాడు.

“ఈసారికి సర్దుకో మింకో అన్నా. మేయరుగారి బావమరిది రాజధాని సోఫియా నుంచి దిగాడు. ముఠాలో ఉంటానంటున్నాడు. కాదంటే ఏం బావుంటుంది?”

“మాటిచ్చావు గదయ్యా. మా తోనాకి కూడా చెప్పుకున్నా.”

“వచ్చే ఏడు చూద్దాంలే. అయినా నీలా చచ్చేవాడు ఈ చుట్టుపక్కల ఎవడున్నాడు చెప్పు!”

“చావడానికేం, చస్తా. ఒక్కసారి ద్రాగోయ్ పక్కన చద్దామనుకున్నా.”

సాయంత్రం నాటకంలో తుపాకులు పేలాయి. మింకో పొట్ట పట్టుకోలేదు, గుండె పట్టుకున్నాడు. చుట్టూ తిరగలేదు, ఉన్నచోటే కూలాడు.

“ముసలాడు బద్ధకించాడ్రోయ్!” అని ముందు వరసలో ఎవరో అంటే అందరూ నవ్వారు. పేర్ల పిలుపు సాగింది. జనం గొంతులు చించుకున్నారు. మేయరు బావమరిది ఫొటోలు దిగాడు. తక్కిన శవాలు లేచి, దుమ్ము దులుపుకుని, బీరు తాగడానికి పోయాయి.

“లేవయ్యా, అయిపోయింది,” అని భార్య తోనా వచ్చి భుజం తట్టింది. మళ్ళీ తట్టింది. తర్వాత ఆమె పెట్టిన కేక మైదానమంతా వినిపించింది.

హరలాంపి ఊడిపోతున్న మీసం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. “కదలొద్దని నేనే చెప్పా గదమ్మా, అందుకని ఎవరూ...” అని నసిగాడు.

సిగ్గులేని ఊరు మాది. ఆనాడు తలుపులైనా వేసుకుంది. ఈసారి ఎదురుగా కూర్చుని, ఒక మనిషి చస్తుంటే చప్పట్లు కొట్టింది.

గాలి ఆడుతుందేమోనని తోనా అతని కోటు గుండీలు విప్పింది. లోపలి జేబులోంచి రేకు సింహం ఒకటి జారి గడ్డిలో పడింది. ముఠావాళ్ళు టోపీకి పెట్టుకునే రకం. చేపల డబ్బా మూత కత్తిరించి చేసుకున్నాడు, దాని తోక మీద డబ్బా చేపబొమ్మ కన్ను ఇంకా చెరగలేదు.