శుక్రవారం విన్నపం

దేవుడికి పెట్టుకున్న విన్నపం వెనక్కి తీసుకోవచ్చో కూడదో ఎవరినని అడగాలి, పాస్టరుగారిని అడిగితే ఏ విన్నపం దీవెనా అంటారు, ఆయనకు తెలియనట్టు, స్త్రీల సమాజం కూటంలో లేచి నిలబడి కళ్ళొత్తుకుంటూ చెప్పింది నేనే కదా, మా కంపెనీవాళ్ళు నాలుగేళ్ళుగా ఇంటి దగ్గర చేయించుకున్న ఉద్యోగాన్ని ఇప్పుడు వారానికి మూడు రోజులు రాజమండ్రి ఆఫీసుకొచ్చి చెయ్యమంటున్నారు, నావల్ల కాదు, మళ్ళీ అన్ని రోజులూ ఇంటి దగ్గరే ఇచ్చేలా ప్రార్థన చెయ్యండి అని, ఎవరు చెప్పమన్నారు నన్ను, నోరు మూసుకుని కూర్చుంటే సరిపోయేది, ఇప్పుడు మా సమాజం పెద్ద సంపూర్ణమ్మగారు ప్రతి శుక్రవారం పచ్చి మంచినీళ్ళైనా ముట్టకుండా నా కోసం ఉపవాసం ఉంటున్నారు, ఇవాళా శుక్రవారమే, కూటం మా ఇంట్లోనే, ఈ బస్సు రావులపాలెం చేరేసరికి ఆవిడ మా ముందుగదిలో చాప మీద కూర్చుని ఉంటారు, కొంచెం జరగండమ్మా అంటోంది కడియపులంకలో ఎక్కినామె, ఒళ్ళో రెండు మందార మొక్కలు, కూర్చోండి, పర్లేదు, ఇవాళ ఒక్కరోజు సంపూర్ణమ్మగారు నా పేరు మర్చిపోతే బాగుండు, ఛీ, అదేం కోరిక, నా కోసం పస్తులుండే మనిషి నన్ను మర్చిపోవాలా, అయినా ఆవిడ మర్చిపోవడమా, ఉడుంపట్టు ఆవిడది, కువైట్ వీసా రాదనుకున్నవాళ్ళకి వీసా, ట్రాన్స్‌ఫర్ కాదనుకున్న టీచరుకి ట్రాన్స్‌ఫర్, అన్నీ ఆవిడ మోకాళ్ళ మీద ప్రార్థన చేసే తెచ్చారు, నాదొక లెక్కా.

బయల్దేరుతుంటే శ్యాంబాబుగారు, మా మేనేజరు, సీటు దగ్గరికొచ్చి మరీ చెప్పారు, మీ అప్లికేషన్ పైకి పంపించేనండి దీవెనగారూ, రాత్రిలోపు తేలిపోద్ది, మీ ఇబ్బంది గట్టిగానే రాసేను, కంగారు పడకండి అని, థాంక్సండి అన్నాను, ఇంకేమంటాను, అప్లికేషన్ పెట్టింది నేనే, ఆఫీసు గుమ్మం తొక్కకముందే పెట్టాను, ఇప్పుడు ఓకే అంటే సోమవారం నుంచి మళ్ళీ ఆ పడగ్గది మూల, బియ్యం బస్తాల పక్కన బల్ల, పైన ఇస్త్రీ కుర్తీ, కింద నైటీ, తలుపు కొట్టే వీధి వీధంతా, దీవెనా మా పార్సిలొస్తది తీసుకో, గ్యాసు బండ వస్తది దింపించు, మా పాపని కాసేపు చూడు, ఇంట్లోనే ఉన్నావుగా, ఉన్నాను, ఉన్నాను గాని ఉద్యోగంలో ఉన్నానమ్మా అంటే ఎవరూ నమ్మరు, మా ఆయన విజయ్ పాల్ కూడా నమ్మడు, చెడ్డవాడు కాదు పాపం, మధ్యాహ్నం స్కూలు నుంచి వచ్చి వేడన్నం తిని, నీ పని హాయే దీవెనా, ఎండలేదు బస్సులేదు అంటాడు, నేనూ హాయనే అనుకున్నాను, పొయ్యి దగ్గర నిలబడి నాలుగు ముద్దలు మింగి మళ్ళీ హెడ్‌ఫోను పెట్టుకుంటూ, మీటింగులో తెర మీద ఒక గుండ్రం, గుండ్రంలో డి అనే అక్షరం, అదే నేను, నాలుగేళ్ళు అలాగే గడిపి అదంతా సుఖం అనుకున్నాను.

నిజానికి ఆఫీసుకెళ్ళిన మొదటి రోజే నా ఉద్యోగం ఊడాల్సింది, ఇంట్లో మీటింగంటే మైకు ఆపేసి గిన్నెలు సర్దుకుంటూ శ్యాంబాబుగారి ప్రతి మాటకీ జవాబు చెప్పడం అలవాటు, ఆయన మనమంతా ఒక కుటుంబం అనగానే అయితే మా కరెంటు బిల్లు కట్టు బాబాయ్ అనడం, స్టవ్వుకి తప్ప ఎవరికీ వినపడదు కదా, ఆ రోజు మీటింగు గదిలో అందరం బల్ల చుట్టూ కూర్చున్నాం, ఆయన మనమంతా ఒక కుటుంబం అన్నారు, నా నోరు దాని పని అది చేసేసింది, ఆపడానికి మైకేదీ, అయిపోయింది నా పని అనుకున్నాను, మొదట పక్క సీటు సత్యకుమారి కిసుక్కున నవ్వింది, తర్వాత గంగాధర్, తర్వాత శ్యాంబాబుగారే, ఏవండోయ్, కుటుంబమంటే కరెంటు బిల్లు దాకా ఎల్లిపోతారా అని, గదంతా నవ్వు, నేనూ నవ్వాను, నేనన్న మాటకి ఇంకో మనిషి నవ్వడం చూసి ఎన్నాళ్ళయిందో, ఏడుపొచ్చినంత పనైంది, మధ్యాహ్నం సత్యకుమారి అడక్కుండానే నా డబ్బాలో చెయ్యి పెట్టి, వంకాయ కూర బాగుంది గాని ఉప్పు తగ్గిందక్కా అంది, మా ఇంట్లో ఉప్పు తగ్గితే ఎవరికి వాళ్ళు కలుపుకుంటారు, ఫోను చూసుకుంటూ, మొన్నేమో గొంతు తేడాగా ఉందేంటక్కా అని నుదుటి మీద చెయ్యేసి చూసింది, అంతే, ఆ ఆఫీసులో అంతకంటే విశేషమేమీ జరగలేదు, అయినా ఇంటి దగ్గర పనిచేసే రోజున కూడా పొద్దున్నే లేచి రేపు ఏం కూర పట్టుకెళ్ళాలా అని ఆలోచిస్తున్నాను, ఈ సంగతి సంపూర్ణమ్మగారికి ఏ మొహం పెట్టుకుని చెప్పను.

ఫోను మోగుతోంది, ఎక్కడ పెట్టాను, డబ్బా కింద, శ్యాంబాబుగారే, హలో, చెప్పండి, బస్సు జొన్నాడ వంతెన ఎక్కింది, కిటికీలోంచి గాలి, కంగ్రాట్సండి, ఓకే అయిపోయింది, సోమవారం నుంచి మీరు రానక్కర్లేదు అంటున్నారు, ఎంత సంతోషంగా అంటున్నారో మహానుభావుడు, తెచ్చేశారు సంపూర్ణమ్మగారు, ఎల్లుండి చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాలి, నా ప్రార్థన ఆలకించిన దేవునికి స్తోత్రం అనాలి, అని వచ్చి సోమవారం ఆ బియ్యం బస్తాల పక్కన కూర్చోవాలి, వినపడతందాండీ అంటున్నారు, వినపడతందండి, నాకొద్దండి, ఏంటండీ, నాకొద్దండి, ఇప్పుడెలా ఉందో అలాగే ఉంచెయ్యండి, మూడు రోజులు ఆఫీసుకొస్తాను, రెండు రోజులు ఇంటి దగ్గర చేసుకుంటాను, గాలికి అరిచి చెప్పాల్సొచ్చింది, బస్సంతా నా వంకే చూస్తోంది, పెట్టింది మీరేగదండీ, అవునండి నేనే, తెలీక పెట్టానండి, కోపమొచ్చిందేమో, ఇటూ అటూ కాకుండా పోతానేమో, అప్పుడు నవ్వారు, సరిపోయింది, నా చేత అంత రాయించి ఇప్పుడా చెప్తం, సరేలెండి, పైవాళ్ళకి నేను చెప్పుకుంటాను, సోమవారం వచ్చెయ్యండి, వస్తానండి, తప్పకుండా వస్తానండి, అమ్మయ్య, గుండెల మీంచి బండ దింపినట్టుంది, నవ్వొస్తోంది, ఏంటమ్మా ఉద్యోగం వచ్చిందా అంది మందార మొక్కలామె, వచ్చినట్టేనండి అన్నాను.

ఇంటి ముందు చెప్పులు చూస్తే మళ్ళీ కాళ్ళు వెనక్కి లాగాయి, అందరూ వచ్చేశారు, లోపల పాట అయిపోవచ్చింది, ఇప్పుడు చెప్పకపోతే సంపూర్ణమ్మగారు కళ్ళు మూసుకుని నా పేరెత్తేస్తారు, అప్పుడిక ఆపలేను, గుమ్మంలోనే నిలబడి అనేశాను, సంపూర్ణమ్మగారూ, ఓకే అయిందండి, స్తోత్రం అన్నారందరూ, కాదండి, ఓకే అయితే నేనే వద్దన్నానండి, నాకు ఆఫీసే బాగుందండి, ఆవిడ ముసుగు సవరించుకుని, పెదాలు ఎండిపోయి ఉన్నాయి పాపం, నన్ను కిందనుంచి పైదాకా చూసి, ఓసి నీ అసాధ్యం కూలా, నీ కోసం కడుపు మాడ్చుకుంటన్నాను గదే, ఆ ముక్క పొద్దున్నే చెప్పకూడదూ, ఇడ్లీ అయినా తిందును అన్నారు, గది గదంతా ఘొల్లుమంది, ఆవిడా నవ్వారు, లేచి నా వెనకే వంటింట్లోకొచ్చి టీ నీళ్ళు పెట్టవే తల్లీ అని స్టూలు మీద కూర్చుని, గొంతు తగ్గించి, నిజం చెప్పనా, నిన్ను మళ్ళీ ఇంట్లో పెట్టమని అడగడానికి నాకే మనసొప్పేది కాదే, ఆ నాలుగేళ్ళూ నువ్వు మాట్లాడ్డం మానేసేవు, ఎవరేమడిగినా ఊఁ అనేదానివి, ఇప్పుడు చూడు, వీధిలోకి వినపడతంది నీ నోరు, అన్నారు, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నాలుగేళ్ళు నాతోనే ఉన్న నాకే తెలియలేదు ఈ సంగతి, దొడ్డితలుపు దగ్గర స్కూటరు ఆగింది, విజయ్ పాల్, కూటానికి బిస్కెట్ల పొట్లాలు పట్టుకుని, నన్ను చూసి, వచ్చావా, ఇవాళ లేటైందేంటి, రెండుసార్లు బస్టాండుకెళ్ళి చూశాను అన్నాడు, మామూలుగా అన్నాడు, నేనే గరిటె పట్టుకుని అలా నిలబడిపోయాను, ఈ ఇంట్లో నన్ను వచ్చావా అని అడిగి ఎన్నేళ్ళయింది, వెళితే కదా అడగడానికి, ఎప్పుడూ ఉండేదాన్ని ఎవరు చూస్తారు, ఎవరి తప్పూ కాదు, సోమవారం సత్యకుమారి నా సీటు వంక చూస్తుంది, సాయంత్రం ఈయన బస్టాండు వంక చూస్తాడు, ఎంత బాగుంది, నాలుగేళ్ళుగా నాకు కరువైంది ఇదే, నేను రావాలని చూసే మనుషులు.