గద్వాల జంగమ్మ

గద్వాలలో చీరలు నేయించి అమ్మే శివశంకర్, కులసంఘం భవనంలో తన తాత సీతారాములు పేరిట ఒక గది కట్టించాడు. గుమ్మం పక్కన పెట్టే రాతి మీద ‘సీతారాములు, పెంటమ్మ దంపతుల జ్ఞాపకార్థం’ అని చెక్కించాలి. వాళ్లు పుట్టిన, పోయిన సంవత్సరాలు వెతికే పని కూతురు భార్గవికి అప్పజెప్పాడు.

అటక మీది రేకుపెట్టెలో ఆమెకు రెండు పాత కాగితాలు దొరికాయి. ఒకటి సీతారాములు, పెంటమ్మల లగ్నపత్రిక. పార్థివ నామ సంవత్సరం. రెండోది వాళ్ల కొడుకు, అంటే శివశంకర్ తండ్రి శంకరయ్య జాతకం. చిత్రభాను నామ సంవత్సరం. ఆ ఏడాదులేవో ఫోన్‌లో చూసుకుని భార్గవి ఆగిపోయింది. కొడుకు పుట్టిన మూడేళ్లకు పెళ్లా? జాతకం మళ్లీ చదివింది. ‘బిజినేపల్లి గ్రామమున, సీతారాములు భార్య జంగమ్మకు పుత్రుడు కలిగెను.’

“నాయినా, జంగమ్మ ఎవరు?”

శివశంకర్ కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. “తెల్వదు. పంతులు తప్పు రాసుంటడు.”

“ఊరు గూడ తప్పు రాసిండా?”

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ వారంలోనే తండ్రీకూతుళ్లు వనపర్తి మీదుగా బిజినేపల్లి బస్సెక్కారు.

హోటల్ దగ్గర కూర్చున్న ముసలివాళ్లను భార్గవి జంగమ్మ గురించి అడిగింది. “ఎవరు, గద్వాల జంగమ్మనా?” అన్నాడొకాయన వెంటనే. గద్వాలలో ఒక్కరికీ తెలియని మనిషికి ఇక్కడ ఆ ఊరే ఇంటిపేరు. ఆమె మేనల్లుడు ఈదన్న ఊరి చివరి వాడలో ఉంటాడని ఆయనే దారి చూపించాడు.

ఈదన్నకు డెబ్బై దాటాయి. విషయం విని మంచం వాల్చాడు. భార్గవి తటపటాయిస్తూనే అడిగింది.

“తాతా, ఏమనుకోవద్దు. మా ముత్తాతకు, ఆమెకు పెండ్లి అయిందా? కాగితం గిట్ల ఏమన్న ఉందా?”

అడిగాక సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. ఈదన్న కోపం తెచ్చుకోలేదు.

“మాకు కాగితాలెక్కడియి బిడ్డా! ఆయన చీరలమ్మనీకె వచ్చి ఈడనే ఉండిపోయిండంట. మా తాత పందిరేసి పెండ్లి చేసిండు. కొడుకు పుట్టినంక ఆయన తల్లి వచ్చింది. మనుమన్ని గద్వాల జమ్ములమ్మ తల్లికి మొక్కిచ్చి తోలిస్త అని ఎత్కపోయింది. మళ్ల తోలియలే. ఆయన గూడ పోయినోడు రాలే. మాది తక్కువ కులమాయె.”

“మరి ఆమె గద్వాలకు రాలేదా?”

“ఏటా జమ్ములమ్మ జాతరకు వచ్చేది. మీ వాకిట్ల నిలబడి, కొడుకును దూరంకెల్లి సూసి మర్లొచ్చేది. ఒక్కసారి మాత్రం మస్తు సంబురంగ మర్లొచ్చింది. మనుమడు నీళ్లిచ్చిండంట. సచ్చేదాక గదే చెప్పుకునేది.”

శివశంకర్ తల వంచుకున్నాడు. చిన్నప్పుడు తమ వాకిట్లోకి వచ్చిన ఆ ముసలామె అతనికి గుర్తుంది. ఆమె దాహమంటే లోపలినుంచి అతని అమ్మ, “తగలకుండ నీళ్లు పొయ్యిరా” అంది. అతను చెంబు పైకెత్తి ఆమె దోసిట్లో పోశాడు. ఆమె తాగడం మరిచి అతని మొహమే చూస్తుంటే నీళ్లన్నీ వేళ్ల సందుల్లోంచి కారిపోయాయి. “తాగితే తాగు, లేకుంటే పో” అని కసిరాడు.

ఈదన్న భార్య గ్లాసుతో నీళ్లు తెచ్చింది. “తాగు అల్లుడా” అన్నాడు ఈదన్న. శివశంకర్ తాగాడు. ఆ మనుమణ్ని నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. తిరుగు బస్సులో, కిటికీ వైపు మొహం పెట్టి, కూతురికి చెప్పాడు.

రాతి మీద జంగమ్మ పేరు కూడా చెక్కిస్తానంటే శివశంకర్ తమ్ముడు మహిపాల్ మండిపడ్డాడు. “ఊర్ల తలెత్తుకోని తిరుగుతమా అన్నా?”

“నేనైతే ఎత్తలేకనే ఉన్న” అన్నాడు శివశంకర్.

పేరు చెక్కించి, గది ప్రారంభానికి రమ్మని ఈదన్నకు ఫోన్ చేశాడు.

“మా అత్త అన్నిసార్లొచ్చె. ఒక్కసారన్న లోపలికి రమ్మన్నరా? రాయి మీద రాసుకుంటే రాసుకోండ్రి. నేను రాను అల్లుడా.” మళ్లీ ఆయనే అన్నాడు, “నువ్వే రా. ఆమెను మట్టిల పెట్టిన జాగ చూపిస్త.”

తండ్రీకూతుళ్లు మళ్లీ వెళ్లారు. అదిప్పుడు ఎవరిదో పల్లి చేను. ఈదన్న గట్టు మీద నిలబడి చేత్తో గాలిలో ఒక చుట్టు చుట్టాడు. “గీడనే యాడనో. దున్నిండ్రు, గుర్తు పోయింది.”

శివశంకర్ చెప్పులు విడిచి చేలోకి దిగాడు. ఎటు తిరిగి మొక్కాలో తెలియలేదు. రెండు అడుగులు ఇటు వేశాడు, మళ్లీ అటు వేశాడు.

“జర సూసి నడువు అల్లుడా, పల్లి చెట్లు తొక్కుతున్నవ్” అన్నాడు ఈదన్న.