ఊరు విడిచిన ఏడాది

రెండువేల ఒకటిలో ఉగాది సోమవారం వచ్చింది. అరకు అవతలి ఆశ్రమ పాఠశాలలో పిల్లలంతా ఇళ్ళకి పోయారు. మిగిలింది ఇద్దరే. ఒకరు వంటమనిషి సోములమ్మ, ఇంకొకరు ఆ ఏడాదే ఉద్యోగంలో చేరిన టీచరు మెహరున్నీసా. ఆమెది పార్వతీపురం. ఆదివారంతో కలిపి రెండ్రోజుల సెలవుకి బస్సులు మారి వెళ్ళిరావడం ఎందుకని ఆగిపోయింది.

సాయంత్రం సోములమ్మ పొయ్యి రాజేస్తుంటే, టీచరు వరండా చివర నిలబడి పడమటి కొండకేసి చూస్తూ కనిపించింది. కాసేపటికి నీళ్ళట్యాంకు దగ్గరికి వెళ్ళి అక్కణ్ణించి చూసింది. మళ్ళీ వరండాలోకి వచ్చింది.

"ఏటి పోయింది టీచరమ్మా?"

"ఏం పోలేదు పిన్నీ. నెలవంక కోసం చూస్తున్నాను. కొండ అడ్డమొస్తోంది."

"మొన్ననే కదా బక్రీదన్నావు."

"ఇది వేరు. ఈ పూట నెలవంక కనిపిస్తే మొహర్రం నెల వచ్చినట్టు. మాకు కొత్త సంవత్సరం."

సోములమ్మ పొయ్యిలోంచి కర్రలు వెనక్కి లాగేసింది. గిరిజనులైన తన వాళ్ళకి కొత్త ఏడాదంటే దేవతకి పెట్టాక తినే కొత్త మామిడికాయ. ఇలా ఆకాశంలో వెతుక్కోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"బేగి రా. మెట్ట మీంచి కనిపిస్తాది."

కాఫీ మొక్కల మధ్య బాట పట్టి ఇద్దరూ మెట్ట ఎక్కారు. పైకి చేరేసరికి కొండ కొసకి కాస్త ఎగువన సన్నటి నెలవంక కనిపించింది. టీచరు రెండు చేతులూ చాచి పెదాలు కదిపింది. ఆమె చేతులు దించేదాకా సోములమ్మ ఆగింది.

"మరిప్పుడు ఏటి వండమంటావు? సేమియా ఉంది."

"ఏమీ వద్దు. ఇది విందు చేసుకునే రోజు కాదు. దేవుణ్ణి తలుచుకుంటాం. పోయిన ఏడాది ఎలా బతికామా అని ఆలోచించుకుంటాం. పదో రోజు నేను ఉపవాసం ఉంటాను. మూసా ప్రవక్తనీ ఆయన జనాన్నీ దుర్మార్గుడైన రాజు నుంచి దేవుడు కాపాడింది ఆ రోజే. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకి, మా ప్రవక్తగారి మనవడు హుస్సేన్‌ని కర్బలాలో చంపిందీ ఆ రోజే. అందుకే ఈ నెల్లో సంబరాలుండవు."

"సంబరం లేకపోతే ఏడాది దేన్నించి లెక్కెడతారు? మీ ప్రవక్త పుట్టిన కాడ్నించా?"

"కాదు. మక్కాలో సొంతవాళ్ళే బతకనివ్వకపోతే, ఆయనా నమ్మినవాళ్ళూ మదీనాకి వెళ్ళిపోయారు. ఆ ఏడాది నుంచి లెక్క. ఇప్పుడు వచ్చింది పద్నాలుగువందల ఇరవైరెండోది."

"పుట్టింది వదిలేసి, ఊరొదిలింది పట్టుకున్నారా?"

టీచరు నవ్వింది. "ఆయన పోయిన కొన్నేళ్ళకి, అప్పటి పాలకుడు ఖలీఫా ఉమర్ దగ్గర పెద్దలు కూర్చుని ఈ సంగతే మాట్లాడుకున్నారట. పుట్టుక నుంచి పెడదామా, పోయిన నాటి నుంచి పెడదామా అని. చివరికి వలస వెళ్ళిన ఏడాదే ఖాయం చేశారు. బతుకు మళ్ళీ మొదలైంది అక్కడే కదా అనేవారు మా నాన్న. మదీనావాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కొక్కరిని తోబుట్టువులా చూసుకుని, ఉన్నది పంచి ఇచ్చారట."

దిగేటప్పుడు సోములమ్మ సగం దారిలో ఆగింది.

"మాయమ్మ కూడా అలాగే లెక్కెట్టీది. మీ అయ్య పోయింది ఊరొదిలిన మూడో ఏడు, నీ పెళ్ళి పదో ఏడు అని. నది మీద డ్యాము కట్టినప్పుడు మా ఊరు మునిగిపోయింది. అప్పుడొచ్చాం ఇక్కడికి. యర్రమ్మని ఒకావిడ తడిక కట్టి సగం ఇల్లు మాకిచ్చేసింది."

"ముక్కూమొహం తెలియనివాళ్ళకి ఎందుకిచ్చింది?"

"ఏటో. ఎప్పుడూ అడగనేదు."

"ఆవిడ ఉన్నారా?"

"కింద వీధిలోనే ఉంది. కళ్ళు కనపడవు."

మర్నాడు పొద్దున్న, పిల్లలు తిరిగి రాకముందే ఇద్దరూ వెళ్ళారు. యర్రమ్మ ఎండలో చాప మీద కూర్చుని, చింతపండు తడిమి తడిమి గింజలు తీస్తోంది. సోములమ్మ పక్కన కూర్చుంది. ఇన్నేళ్ళుగా ఉప్పూ పప్పూ ఇచ్చిపుచ్చుకున్న మనిషిని ఆ మాట అడగడానికి ఆమెకి మొహమాటమేసింది.

"అత్తా, ఆ రోజు మమ్మల్ని ఎందుకు రానిచ్చావు?"

యర్రమ్మ చేతులు ఆగాయి.

"మీయమ్మ అరుగు మీద కూకుంది. ఏటీ అడగనేదు. నీ సంకలో ఒక కోడిపెట్ట. అంతలో వాన మొదలైంది. కోడి తడిసిపోతాది, లోపలికి రండన్నాను."

"అంతేనా?"

"అంతే. వాన ఎలిసినాక పొమ్మనడానికి నోరు రానేదు. ఒక్కదాన్నే ఉండీదాన్ని. ఇంట్లో రెండు పొయ్యిలు ఎలిగితే బాగుండీది."

సోములమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. పెద్ద కారణమేదో ఉంటుందని ఇన్నేళ్ళూ అనుకుంది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

"అప్పటికి ఈ పిన్నికి ఎన్నేళ్ళుంటాయవ్వా?" అంది టీచరు.

"ముందు పళ్ళు రెండూ ఊడిపోయిన గుంట. ఏటి తిన్నా సొంగ కారీది."

ఆరో ఏడో అన్నమాట. అప్పటికి తనెంత పిల్లో సోములమ్మకి ఆ పొద్దున్నే తెలిసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేసింది.

యర్రమ్మ మొహం టీచరు గొంతు వినిపించిన వైపు తిప్పింది. "నువ్వెవర్తివి? ఏ ఊరు?"

"స్కూలు టీచర్నవ్వా. పార్వతీపురం."

"కూకో మరి," అంటూ యర్రమ్మ చింతపండు కుప్పలో సగం ఆమె ముందుకి తోసింది.