గ్లాసులో నురగ గీతలు

ట్యాంకు మూతలోంచి తల లోపలికి దూర్చి, ముక్కు బాబాయ్ గట్టిగా గాలి పీల్చాడు. ఏ వాసనా లేదు. శుభ్రం అంటే ఆయన దృష్టిలో అదే. కడిగే సోడా వాసన రవ్వంత తగిలినా మళ్ళీ మొదట్నించీ కడుగుతాడు. ఆ పేరు ఆయనకు అలా వచ్చిందే.

కుర్రతనంలో పాల క్యాన్లు కడిగాడు. తరువాత పదకొండేళ్ళు మందుల సీసాలు. ఈ చిన్న బీరు కార్ఖానాకు వచ్చి పదిహేడేళ్ళు. బతుకంతా పాత్రలు కడగడమే తప్ప వాటిలో ఏం పోస్తారన్నది ఆయనకు పట్టలేదు. చేరిన కొత్తలో ఒక చుక్క నాలిక మీద వేసుకుని, "అబ్బ, దీన్ని డబ్బులిచ్చి మరీ తాగుతారా!" అని తుపుక్కున ఉమ్మేశాడు. మళ్ళీ ముట్టుకుంటే ఒట్టు. ఇంట్లో ఆవిడ మాత్రం నమ్మదు. చొక్కా వాసన చూసి, "ఇవాళ ఎన్ని గ్లాసులేమిటి?" అని రోజూ ఏడిపిస్తుంది.

గ్లాసులు కడగడంలో ఆయనకు కాస్త గర్వం కూడా ఉంది. ఆవగింజంత జిడ్డు మిగిలినా నురగ గాజుకు అంటదు. ఆయన కడిగిన గ్లాసులో గుక్కకొక గీత పడుతుంది. మొహమాటానికి తాగినవాడి గ్లాసులో ఒక్కటే గీత.

బీరు కాచే అమ్మాయి గబగబా వచ్చింది. కార్ఖానా ఆమెదే. నెల కిందట వచ్చిన జ్వరం తగ్గింది గానీ, వాసనా రుచీ తిరిగి రాలేదు. ఆ సంగతి బాబాయ్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

"కొంప మునిగింది బాబాయ్! హాప్స్ సంచి ఒకటి ఎక్కువ ఖాళీ అయింది. మూడో ట్యాంకులో రెండుసార్లు వేసేసినట్టున్నాను."

హాప్స్ అంటే బీరుకు చేదూ సువాసనా ఇచ్చే ఎండుపువ్వులు.

"మూత తీసినప్పుడు వాసన రాలేదా?" అనబోయి బాబాయ్ నాలిక కరుచుకున్నాడు.

"నాలుగింటికి వ్యానొస్తుంది. పోయిన నెల సరుకు పులిసిపోయి కాలవలో పోశాం. ఈ పేల్ ఏల్ బీరు కూడా పోస్తే ఇక తలుపులు మూసుకోవడమే. నువ్వు రుచి చూసి చెప్పు."

"నేనా! చేదంటే దగ్గుమందుకే పారిపోతాను కదమ్మాయ్!"

"నీ ముక్కునే నమ్ముతాను బాబాయ్."

"సరే, ఒక్క గుక్క. బాగోకపోతే ఉన్నదున్నట్టు చెప్తా. ఏడవకూడదు మరి."

"ఏడవను" అంది. అంటూనే కళ్ళు తుడుచుకుంది.

గ్లాసు నింపి ఆయన చేతికిచ్చిందో లేదో, ముందుగదిలో ఫోను మోగింది. వెళ్ళింది.

బాబాయ్ బోర్లించిన పెట్టె మీద కూర్చుని ఎడమ భుజం రుద్దుకున్నాడు. పొద్దుట్నించీ లాగుతోంది. పైపు మోసినందుకే అనుకున్నాడు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే నారింజ తొక్క వాసన, అప్పుడే కోసిన గడ్డి వాసన, వానకు తడిసిన కలప వాసన. ఒక్క గ్లాసులో ఇన్నా!

తాగాడు. చేదు వచ్చింది, రాక ఎక్కడికి పోతుంది! కానీ ఆ చేదు వెనకాలే వేడి రొట్టె పైపెచ్చులాంటి తీపి వచ్చింది. ఆ తీపి పోకముందే మళ్ళీ నారింజ. ఓరి దేవుడా, అనుకున్నాడు. ఇన్నేళ్ళూ తను తోమిన ఆ గోడల మధ్య, చీకట్లో, జరుగుతున్నది ఇదా? నీళ్ళూ గింజలూ నాలుగు ఎండుపువ్వులూ కలిసి ఇలా అవుతాయా? తను ఏ వాసనా లేకుండా ఉంచినచోటే ఇదంతా పుట్టిందా? ఆయనకు ఒళ్ళు జలదరించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మరో గుక్క తాగాడు, ఆపైన ఇంకొకటి.

ఇవాళ ఆవిడ అడిగితే నిజం చెప్పాలి, ఒక గ్లాసు అని. నవ్వొచ్చింది. గ్లాసును జాగ్రత్తగా పక్కన పెట్టి, అమ్మాయిని పిలుద్దామనుకుని, ఒక్క క్షణం గోడకు ఆనుకున్నాడు.

"బాబాయ్, కునుకు తీస్తున్నావా?" అంటూ వచ్చి ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. తరువాత డాక్టరు వచ్చి, గుండె ఆగిపోయిందన్నాడు. ఇంటి నుంచి ఆవిడ వచ్చి, అలవాటుగా చొక్కా మీద ముఖం పెట్టి వాసన చూసి, ఏమీ అడగలేక భోరుమంది.

నాలుగింటికి వ్యాను డ్రైవరు గుమ్మంలో నిలబడిపోయాడు. "మళ్ళీ వస్తాలేమ్మా" అన్నాడు.

అమ్మాయి పెట్టె దగ్గరికి వెళ్ళి, గ్లాసు తీసి కిటికీ వెలుగులో పెట్టి చూసింది. చాలాసేపు చూసింది.

"ఆగండి. ఖాళీ పీపాలు దించండి. మూడో ట్యాంకులోది నింపిస్తాను."

గ్లాసును మళ్ళీ అక్కడే పెట్టింది. అంచు నుంచి అడుగుదాకా, ఒకదాని కింద ఒకటి, తొమ్మిది గీతలు.